అమాక్సిసిలిన్-క్లావులనేట్ (1.2 గ్రా. వయల్, 625 మాత్ర): దవడ ఆపరేషన్లలో ఎంత పనికొస్తుంది?

తీర్పు ముందే చెప్పేస్తాం. నోటి లోపలి నుంచి దవడ ఎముక దాకా వెళ్లే ఆపరేషన్లలో, పెన్సిలిన్ పడని మనిషి కాకపోతే, ఇన్ఫెక్షన్ రాకుండా కోతకు ముందు నరంలోకి ఇచ్చే మొదటి డోసుగా, పెన్సిలిన్ కుటుంబానికి చెందిన ఈ యాంటీబయాటిక్‌కు సాటి వచ్చేవి తక్కువ. అదే మందు డిశ్చార్జి చీటీలో ‘పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, 5 రోజులు’ అని రాసుకుని ఇంటికి వెళ్తే చాలామందికి మిగిలేది విరేచనాలూ బిల్లూ. అందుకే ఒకే మందుకు రెండు రకాల మార్కులు: వయల్‌కు 5కి నాలుగున్నర, స్ట్రిప్‌కు 5కి రెండు. ఆ రెండు కూడా ఎందుకిచ్చామో కింద వస్తుంది.

625 అంటే 500 మి.గ్రా. అమాక్సిసిలిన్, 125 మి.గ్రా. క్లావులానిక్ ఆమ్లం. 1.2 గ్రాముల వయల్‌లో మొదటిది 1000, రెండోది 200. 1981లో బ్రిటన్‌లో బీచమ్ కంపెనీ ఆగ్మెంటిన్ పేరుతో తెచ్చింది. ఇప్పుడు మన మందుల షాపుల్లో ఆగ్మెంటిన్, క్లావమ్, మాక్సికైండ్-సీవీ, ఇంకా లెక్కలేనన్ని పేర్లు. క్లావులానిక్ ఆమ్లానికి సొంతంగా సూక్ష్మజీవుల్ని చంపే బలం పెద్దగా లేదు. అమాక్సిసిలిన్‌ను విరగ్గొట్టే బీటా-లాక్టమేజ్ ఎంజైమును అది కట్టిపడేస్తుంది, అంతే. చిగుళ్ల సందుల్లో ఉండే ప్రివోటెల్లా జాతుల్లో చాలావాటికి ఆ ఎంజైము ఉంది. నోటి స్ట్రెప్టోకాకస్‌లకు ఒట్టి అమాక్సిసిలినే చాలు. ప్రివోటెల్లాలా గాలి తగలని చోట పెరిగే సూక్ష్మజీవుల (అనేరోబ్‌ల) కోసమే ఈ జోడీ. ఎంజైము చేసే స్టాఫ్ ఆరియస్ (చర్మం మీది సూక్ష్మజీవి) కూడా దీనికి లొంగుతుంది, దాని మొండి రకమైన ఎంఆర్‌ఎస్‌ఏ మాత్రం లొంగదు.

ఆపరేషన్ గాయాల్ని సర్జన్లు నాలుగు తరగతులుగా చూస్తారు: శుభ్రమైనవి, శుభ్రంగానే చేసినా మామూలుగా సూక్ష్మజీవులుండే చోటు తెరిచినవి, కలుషితమైనవి, అప్పటికే చీము పట్టినవి. నోట్లో కోత పడిందంటే ఎంత జాగ్రత్తగా చేసినా రెండో తరగతే, ఎందుకంటే ఉమ్మి గాయంలోకి దిగకుండా ఆపడం ఎవరి తరం కాదు. విరిగిన దవడలో పళ్ల వరస గుండా చీలిక పోతే, పైన చర్మం చెక్కుచెదరకపోయినా అది తెరుచుకున్న ఫ్రాక్చరే. చెవి ముందు నుంచి దవడ కీలుకు వెళ్లే కోత, లాలాజల గ్రంథి తీసే కోత మొదటి తరగతి. ఈ తేడా పట్టించుకోకుండా అందరికీ ఒకటే చీటీ రాయడం దగ్గరే ఈ మందు చెడ్డపేరు మొదలవుతుంది.

వయల్ విలువంతా టైమింగ్‌లో ఉంది. 1961లో జాన్ బర్క్ అనే సర్జన్ గినీ పందుల చర్మంలోకి స్టాఫ్ సూక్ష్మజీవుల్ని ఎక్కించి, యాంటీబయాటిక్‌ను వేర్వేరు సమయాల్లో ఇచ్చి చూశాడు. సూక్ష్మజీవులు చేరేసరికే రక్తంలో మందు ఉన్న జంతువుల్లో పుండు బాగా చిన్నది. 3 గంటలు ఆలస్యమైతే మందు ఇచ్చినా ఇవ్వకున్నా ఒకటే. ఆ తర్వాత వచ్చిన మార్గదర్శకాలన్నీ ఈ లెక్క చుట్టూనే తిరిగాయి. కోతకు 120 నిమిషాల లోపు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. అది పై హద్దు. ఒంట్లోంచి త్వరగా పోయే మందుల్ని కోతకు ఇంకా దగ్గరగా ఇవ్వాలి. అమాక్సిసిలిన్ రక్తంలో సుమారు గంటకు సగమైపోతుంది కాబట్టి దీనికి మేము పెట్టుకునే గీత 15 నుంచి 45 నిమిషాలు.

మన దగ్గర తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. కేస్‌షీట్‌లో ‘ప్రీ-ఆప్ యాంటీబయాటిక్’ అని ఉంటుంది, వార్డులో సిస్టర్ ఉదయం 7 గంటలకు ఇచ్చేసి టిక్ పెడుతుంది. థియేటర్‌లో ముందు కేసు సాగుతుంది. కోత 10 గంటలకు పడుతుంది. మూడు గంటల్లో మూడుసార్లు సగమైతే మిగిలేది ఎనిమిదో వంతు. కాగితం మీద డోసు పడింది, ఒంట్లో లేదు. అందుకే వయల్‌ను వార్డులో కలపకుండా రోగితోపాటు థియేటర్‌కు పంపాలి. ఇచ్చే బాధ్యత మత్తు డాక్టరుది, ఇచ్చిన టైము రాసే చోటు అనస్థీషియా చార్టు.

దవడ కేసుల్లో ఇంకో తిరకాసు ఉంది. ముక్కులోంచి ట్యూబు వేయాలి, గొంతులో ప్యాక్ పెట్టాలి, ముఖం కడగాలి, గుడ్డలు పరవాలి, అడ్రినలిన్ కలిపిన లోకల్ మత్తు ఎక్కించి అది పట్టేదాకా ఆగాలి. మత్తు మొదలైన క్షణం నుంచి బ్లేడు తగిలేదాకా అరగంట, ముప్పావుగంట మామూలు. ట్యూబు కట్టేశాక, లోకల్ ఎక్కించక ముందు ఈ వయల్ వెళ్లిపోతే సరిగ్గా కుదురుతుంది. అడ్రినలిన్‌తో ఆ చోటి రక్తనాళాలు ముడుచుకోకముందే మందు అక్కడికి చేరుతుందన్నది ఒక లాభం. మత్తుమందు, కండరాల్ని సడలించే మందు పడ్డ నిమిషంలోనే దీన్నీ తోసేస్తే, రియాక్షన్ వచ్చినప్పుడు దోషి ఎవరో తేలదు. మధ్యలో కొన్ని నిమిషాల ఎడం ఉంచితే ఆ గొడవ ఉండదు.

కలపడం తేలికే గానీ దాంట్లోనూ తేడాలు చేస్తుంటారు. 1.2 గ్రాముల వయల్‌కు 20 మి.లీ. ఇంజెక్షన్ నీరు కావాలి. పెట్టెలో 10 మి.లీ. ఆంప్యూల్ వస్తే దానితోనే సరిపెట్టి చిక్కగా తోసేయడం చాలాచోట్ల అలవాటు. సన్నటి నరంలోకి అలా వెళ్తే చెయ్యి మంట, మర్నాటికి నరం తాడులా గట్టిపడటం. నీళ్లు పోసి ఆడించాక ఒక్కోసారి లేత గులాబీ రంగు కనపడి పోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. స్థిరపడ్డాక ద్రవం నీళ్లలా గానీ ఎండుగడ్డి రంగులో లేతగా గానీ ఉండాలి. నేరుగా నరంలోకైతే 3 నుంచి 4 నిమిషాలు తీసుకుని నెమ్మదిగా ఇవ్వాలి. డ్రిప్‌లోనైతే 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి 30 నుంచి 40 నిమిషాలు. నేరుగా ఇచ్చేదాన్ని కలిపిన 20 నిమిషాల్లోపు వాడేయాలి. క్లావులనేట్ నీళ్లలో నిలవదు, కాబట్టి ‘ఎలాగూ కావాలి కదా’ అని పొద్దున్నే నాలుగు సిరంజీలు లాగిపెట్టుకోవడం కుదరదు. డెక్స్‌ట్రోజ్ సీసాలో అసలు వేయకూడదు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటివాటితో ఒకే సిరంజిలోనూ ఒకే సీసాలోనూ కలిపితే ఆ రెండో మందు బలం పోతుంది. కండకు ఇచ్చే ఇంజెక్షన్ కాదిది.

ఆపరేషన్ సాగితే రెండో డోసు మర్చిపోవడం రెండో పెద్ద లోపం. రక్తంలో సగమయ్యే కాలానికి రెండింతలు గడిచాక మళ్లీ ఇవ్వాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. దీని దగ్గరి చుట్టం ఆంపిసిలిన్-సల్బాక్టమ్‌కు అమెరికా మార్గదర్శకాల్లో 2 గంటలు, ఇంకో యాంటీబయాటిక్ అయిన సెఫాజోలిన్‌కు 4 గంటలు. పై దవడ, కింది దవడ రెండూ కోసి సరిచేసే ఆపరేషన్ మూడు నాలుగు గంటలకు తక్కువ కాదు, కాబట్టి ఈ మందుతో మొదలుపెడితే మధ్యలో ఇంకో వయల్ తప్పదు. లీటరున్నర దాటి రక్తం పోతే గడియారం చూడకుండా ఇచ్చేయాలి. దీనికి మేము తగ్గించిన అర మార్కు ఈ పొట్టి ఆయుష్షుకే.

ఇక ఏ ఆపరేషన్‌కు ఎంత.

జ్ఞానదంతాల దగ్గర వాదన ఎప్పుడూ తెగదు. 2021 కోక్రేన్ సమీక్ష (ఒకే ప్రశ్న మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి తూచేది) ప్రకారం ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతం తీసే 19 మందికి యాంటీబయాటిక్ ఇస్తే ఒకరికి ఇన్ఫెక్షన్ తప్పుతుంది. అంటే 18 మంది ఊరికే మింగినట్టు. ఎముక తొలిచి, పన్ను ముక్కలు చేసి తీసే కష్టమైన కేసు, షుగర్ అదుపులో లేని మనిషి, ఇంతకుముందు ఒకటి రెండుసార్లు అక్కడ వాచి తగ్గిన చరిత్ర ఉంటే ముందు డోసుకు అర్థం ఉంది. అప్పుడైనా చాలామందికి ఒట్టి అమాక్సిసిలిన్ 500 మి.గ్రా. గొట్టాలు నాలుగు, అంటే 2 గ్రాములు, గంట ముందు మింగితే సరిపోతుంది. క్లావులనేట్ ఇక్కడ అదనపు ఖర్చే. చిన్న వయసు, ఆరోగ్యంగా ఉన్న మనిషి, నేరుగా పైకి వచ్చిన పన్ను అయితే ఏదీ వద్దు. ఇంప్లాంట్‌కూ (ఎముకలో స్క్రూలా బిగించే కృత్రిమ పంటి వేరు) లెక్క ఇలాంటిదే. 2013 కోక్రేన్ సమీక్షలో 25 మందికి ముందు డోసు ఇస్తే ఒకరి ఇంప్లాంట్ ఊడకుండా నిలిచింది. 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఒక్కసారి, గంట ముందు. స్క్రూ బిగించాక వారం రోజుల కోర్సు అనవసరం.

దవడ ఫ్రాక్చర్లలో యాంటీబయాటిక్ విలువ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1987లో చోల్, యీ అనే ఇద్దరు ముఖ ఫ్రాక్చర్ల మీద చేసిన పరీక్షలో మందు లేని గుంపులో ఇన్ఫెక్షన్లు 42 శాతం, సెఫాజోలిన్ ఇచ్చిన గుంపులో 9 శాతం. వాళ్లు ఇచ్చింది రెండే డోసులు: ముందు ఒకటి, 8 గంటలకు ఒకటి. ఇంత పాత సంగతి తెలిసీ మన వార్డుల్లో బైకు మీంచి పడి దవడ విరిగినవాళ్లకు అడ్మిషన్ నుంచి డిశ్చార్జి దాకా, ఆపైన ఇంట్లో ఇంకో వారం సీసాలూ మాత్రలూ నడుస్తూనే ఉంటాయి. ప్లేటు వేశాక 24 గంటలు దాటి ఇస్తే లాభం పెరుగుతుందని చూపిన ఆధారం బలంగా లేదు. అమెరికాలోని సర్జికల్ ఇన్ఫెక్షన్ సొసైటీ 2020లో ఇంకో అడుగు ముందుకేసి, ఆపరేషన్ అక్కర్లేని ముఖ ఫ్రాక్చర్లకు నివారణ కోసం యాంటీబయాటిక్ వద్దంది. చెంప ఎముకో కంటి గూడు అడుగో చిట్లి, కదలకుండా ఉంటే చెప్పాల్సింది ముక్కు చీదొద్దని, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమని. మాత్రల చీటీ కాదు.

తెరుచుకున్న కింది దవడ ఫ్రాక్చర్, ఆపరేషన్‌కు మూడు రోజులు ఆగాలి: ఆ మధ్య కాలం ఏం చేయాలి? ఇక్కడ సర్జన్ల మధ్య ఏకాభిప్రాయం లేదు. మా ఓటు, విరిగిన ముక్కల్ని మొదటిరోజే తీగతో పళ్లకు కట్టి కదలిక ఆపడానికి. ముక్కలు ఒకదానికొకటి రాసుకుంటూ ఉమ్మిని లోపలికి లాగుతుంటే ఏ వయల్ కూడా ఆదుకోదు. పక్క ఊరి ఆసుపత్రి నుంచి వచ్చే కేసుల్లో తరచూ కనపడేది ఇదే: రోజుకు మూడు ఇంజెక్షన్లు నడుస్తుంటాయి, దవడ మాత్రం వదులుగా ఊగుతుంటుంది.

వంకర దవడను సరిచేసే ఆర్థోగ్నాథిక్ ఆపరేషన్ దగ్గరకొచ్చేసరికి స్ట్రిప్‌కు కాస్త గౌరవం దక్కుతుంది. ఒక రోజుకు మించి కొనసాగిస్తే ఇన్ఫెక్షన్లు తగ్గొచ్చని 2015 కోక్రేన్ సమీక్ష తేల్చింది. మిగతా సర్జరీల్లో నడుస్తున్న ‘కుట్టు పడ్డాక డోసు వద్దు’ అనే సూత్రానికి ఇది ఎదురు మాట. కింది దవడను పొడవునా చీల్చి జరిపే చోట ఎముకల మధ్య సందు ఉంటుంది, కుట్టు నోట్లోనే ఉంటుంది, రోగి రెండు వారాలు సరిగా బ్రష్ చేయలేడు. అందుకే ఈ ఒక్క కేసులో ముందు వయల్, మధ్యలో వయల్, తర్వాత 24 గంటలు, ఎముక ముక్క తెచ్చి మధ్యలో పెడితే ఇంకో రెండు రోజులు అన్నదాన్ని మేము తప్పుపట్టం. స్ట్రిప్‌కు సున్నా వేయకుండా రెండు మార్కులు వేసింది దీని కోసమే.

నోటి క్యాన్సర్ ఆపరేషన్లు, అంటే గుట్కా, ఖైనీల పుణ్యమా అని మన దగ్గర కొదవలేనివి, దవడ కోసి కాలి ఎముకతో కొత్త దవడ కట్టేవి, చాలా పొడవైనవి. ఇక్కడ గొంతు, నోరు, మెడ మూడూ ఒకే గాయంగా కలుస్తాయి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ గానీ, సెఫాజోలిన్‌తోపాటు మెట్రోనిడజోల్ గానీ 24 గంటలు. డ్రెయిన్ ఉంది కాబట్టి డ్రెయిన్ తీసేదాకా నడపాలన్న వాదనను అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2017 మార్గదర్శకం నేరుగా కొట్టేసింది: శుభ్రమైన, రెండో తరగతి ఆపరేషన్లలో గాయం మూసేశాక డ్రెయిన్ ఉన్నా సరే ఇంకో డోసు వద్దని. రేడియేషన్ తీసుకున్న దవడ, ఎముక మందులు వాడే రోగుల సంగతి వేరు, వాటిని ఈ లెక్కలో కలపకూడదు.

చర్మం మీది శుభ్రమైన కోతలకు, అంటే దవడ కీలుకో గ్రంథికో, ఇంప్లాంట్ లాంటి పరాయి వస్తువు లోపల పెట్టనంత వరకు ఏ మందూ అక్కర్లేదు. పెడితే సెఫాజోలిన్ మేలు. అక్కడి శత్రువు చర్మం మీది స్టాఫ్, నోటి సూక్ష్మజీవులు కావు.

స్ట్రిప్ మీద మా ఫిర్యాదుల్లో మొదటిది కడుపు. విరేచనాలు క్లావులనేట్ వల్లే ఎక్కువ. భోజనం మొదలుపెట్టేటప్పుడు మింగితే కొంత తగ్గుతాయి, మందు కూడా బాగా పడుతుంది. పరగడుపున వేసుకోమని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, అది తప్పు. 625 దొరక్క 375 మాత్రలు రెండు ఇస్తే సరిపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. 375లో క్లావులనేట్ 125 ఉంటుంది, రెండు కలిస్తే 250. అమాక్సిసిలిన్ సమానమైంది, కడుపుని తిప్పేది రెట్టింపైంది. అరుదుగా కాలేయం దెబ్బతింటుంది. మందు ఆపిన కొన్ని వారాలకు కళ్లు పచ్చబడతాయి, పెద్ద వయసు మగవాళ్లలో ఎక్కువ. అప్పటికి రోగికి పన్ను తీయించుకున్న సంగతే గుర్తుండదు, కామెర్లకు పసరు వైద్యం వెతుక్కుంటాడు. రక్తం గడ్డకట్టకుండా అసిట్రోం, వార్ఫరిన్ వాడేవాళ్లకు, రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పెరగొచ్చు, మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు దాని మోతాదు ఒంట్లో పేరుకోవచ్చు.

రెండో ఫిర్యాదు చీటీలో దాని పక్కన కూర్చునే మందుల మీద. ఆగ్మెంటిన్, మెట్రోజిల్ (మెట్రోనిడజోల్), గ్యాస్ మాత్ర, నొప్పి మాత్ర: దంత వైద్యంలో ఈ నాలుగూ ఇడ్లీ, సాంబారు, చట్నీలా ఒక సెట్టుగా వచ్చేస్తాయి. గాలి తగలని సూక్ష్మజీవుల కోసమే క్లావులనేట్ ఉన్నప్పుడు మెట్రోనిడజోల్ ఎందుకు? నోరంతా ఇనుము రుచి, వికారం, పైగా మందు తాగే అలవాటున్నవాళ్లు తంటాలు పడతారు. మెట్రోనిడజోల్‌కు చోటు సెఫాజోలిన్ పక్కన. సెఫాజోలిన్ నోటి అనేరోబ్‌ల మీద బలహీనం కాబట్టి 500 మి.గ్రా. 100 మి.లీ. సీసా జత చేస్తారు. ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ జోడీ మాత్రలు దవడ ఆపరేషన్‌కు నివారణగా రాయడానికి మాకు ఒక్క కారణమూ కనపడదు. లాక్టోబాసిలస్ కలిపిన రకాలకు అదనంగా డబ్బు పెట్టడానికీ అంతే.

పోటీ మందుల్లో మన ఆసుపత్రుల్లో అందరికంటే ఎక్కువగా కనపడేవి టాక్సిమ్, మోనోసెఫ్ లాంటి మూడో తరం సెఫలోస్పోరిన్లు. సెఫ్ట్రియాక్సోన్ (మోనోసెఫ్‌లో ఉండే మందు) రోజుకొక్కసారి ఇస్తే చాలన్న సౌకర్యం తప్ప నోటి గాయానికి దాంట్లో ప్రత్యేకత లేదు. నోటి అనేరోబ్‌ల మీద పట్టు తక్కువ, పేగుల్లో మొండి సూక్ష్మజీవుల్ని పెంచే గుణం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్‌ల వర్గీకరణలో అమాక్సిసిలిన్-క్లావులనేట్, సెఫాజోలిన్ ‘యాక్సెస్’ (ముందుగా వాడదగ్గ) గుంపులో ఉంటే, సెఫ్ట్రియాక్సోన్ ‘వాచ్’ (ఆచితూచి వాడాల్సిన) గుంపులో ఉంది. మా దృష్టిలో అసలైన పోటీదారు సెఫాజోలిన్. పెద్దవాళ్లకు 2 గ్రాములు, 120 కిలోలు దాటితే 3, పిల్లలకు కిలోకు 30 మి.గ్రా. 4 గంటల దాకా నిలుస్తుంది, చవక. చిక్కల్లా, చిన్న ఊళ్ల ఫార్మసీల్లో దీన్ని అడిగితే సెఫ్ట్రియాక్సోన్ తీసి చేతిలో పెడతారు.

పెన్సిలిన్ పడదన్నవాళ్ల సంగతికొద్దాం. ‘పడదు’ అని రాయించుకున్నవాళ్లలో పదికి తొమ్మిది మందికి పైగా సరిగ్గా పరీక్షిస్తే తట్టుకుంటారు. చిన్నప్పుడు ఇంజెక్షన్ తర్వాత వాంతి అయిందనో, జ్వరంలో దద్దుర్లు వచ్చాయనో పడ్డ ముద్ర అది. అడగాల్సిన ప్రశ్నలు నాలుగు: ఏం జరిగింది, ఎంతసేపటికి, ఎన్నేళ్ల క్రితం, ఆ తర్వాత ఎప్పుడైనా అమాక్సిసిలిన్ మింగారా. చాలామంది ‘నోవామాక్స్ వేసుకున్నాను, ఏం కాలేదు’ అంటారు, అది కూడా అదే కుటుంబమని తెలియక. వయల్‌లోని మందునే చేతి మీద 0.1 మి.లీ. చర్మంలోకి గుచ్చి పావుగంట చూసే ‘టెస్ట్ డోస్’ మన ఆచారం. అది ఏమీ రాలేదన్నంత మాత్రాన ప్రమాదం లేదని అర్థం కాదు. నిజమైన పెన్సిలిన్ అలెర్జీ చర్మ పరీక్షకు వేరే ద్రావణాలు కావాలి. ఈ చుక్క గుచ్చడం వల్ల ధీమా వచ్చి అడ్రినలిన్ ఆంప్యూల్ చేతికందే దూరంలో పెట్టుకోకపోవడమే అసలు ప్రమాదం. 1:1000 అడ్రినలిన్ అర మి.లీ., తొడ కండలోకి, ఆలస్యం చేయకుండా.

గొంతు వాపు, ఆయాసం, బీపీ పడిపోవడం లాంటి చరిత్ర నిజంగా ఉంటే ఈ మందు దరిదాపుల్లోకి వెళ్లకూడదు. అప్పుడు చాలామంది చెయ్యి క్లిండామైసిన్ మీదికి పోతుంది. 900 మి.గ్రా., 6 గంటలు నిలుస్తుంది, ఎముకలోకి బాగా వెళ్తుంది అన్నది దాని పేరు. కానీ క్యాన్సర్ ఆపరేషన్లలో క్లిండామైసిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో ఇన్ఫెక్షన్లు ఎక్కువని పలు అధ్యయనాల్లో తేలింది. గుండె కవాటాల రోగుల దంత చికిత్సకు ముందు ఇచ్చే మందుల జాబితాలోంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో దాన్ని తీసేసింది కూడా, పేగుల మీద అది చేసే చెడు చూసి. సెఫాజోలిన్ పక్క గొలుసు (అణువుకు పక్కన అతుక్కుని ఉండే, అలెర్జీకి తరచూ కారణమయ్యే భాగం) నిర్మాణం పెన్సిలిన్‌లతో పోలదు, అందువల్ల పెన్సిలిన్ అలెర్జీ ఉన్న చాలామందికి జాగ్రత్తతో ఇవ్వొచ్చు. సెఫాలెక్సిన్ సంగతి అలా కాదు, దాని గొలుసు ఆంపిసిలిన్ గొలుసే. స్టీవెన్స్-జాన్సన్ లాంటి చర్మం ఊడే రియాక్షన్ వచ్చినవాళ్లకు మాత్రం ఈ కుటుంబంలో ఏదీ వద్దు.

అన్నీ సరిగ్గా ఇచ్చినా ఇన్ఫెక్షన్ వచ్చిందంటే మందును తిట్టేముందు స్క్రూలను చూడాలి. ప్లేటు చుట్టూ చీము పట్టిన కేసుల్లో వదులైన స్క్రూ, చీలిక గీతలో వదిలేసిన చచ్చిన పన్ను, సిగరెట్, 200 దాటిన షుగర్, వీటిలో ఒకటి దొరకడం మామూలు. వదులైన ప్లేటు ఉన్నంతకాలం యాంటీబయాటిక్ మార్చి మార్చి ఇస్తే చీము తగ్గుతుంది, ఆపగానే వస్తుంది. కోతకు ముందు 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 10 మి.లీ. నోట్లో నిమిషం పుక్కిలించడం, ఆ తర్వాత ఇంట్లోనూ వారం పాటు రెండు పూటలా చేయడం, ఈ చవకైన సీసా చాలా స్ట్రిప్‌ల కంటే నయం. పళ్ల మీద గోధుమ మరకలు పడతాయి, క్లీనింగ్‌తో పోతాయి.

ఇంటికి వెళ్లినవాళ్లు భయపడి స్ట్రిప్ కొనేది ఎక్కువగా మూడో రోజు. ముఖం వాపు 48 నుంచి 72 గంటలకు శిఖరానికి చేరుతుంది, అది కోత వాపు. నాలుగో రోజు తర్వాత తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం, నోరు తెరుచుకోవడం ముందుకన్నా తగ్గడం, నోట్లో ఉప్పగా కుళ్లు రుచి, జ్వరం, మింగలేకపోవడం, ఇవి వస్తే మందుల షాపుకు వెళ్లకుండా సర్జన్ దగ్గరికి వెళ్లాలి. చీము ఉంటే దారి చేసి బయటికి పంపాలి, అప్పుడు ఇచ్చే యాంటీబయాటిక్ చికిత్స అవుతుంది, దాని మోతాదు, రోజులు వేరు.

కొనే విషయం. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది కాబట్టి ధరకు సర్కారు గరిష్ఠ పరిమితి ఉంది, జన ఔషధి కేంద్రాల్లో ఇంకా తక్కువకు వస్తుంది. బ్రాండు పేరు కంటే ప్యాకింగ్ ముఖ్యం. క్లావులనేట్‌కు తేమ పడదు. మాత్ర పూర్తిగా అల్యూమినియం పొరల మధ్య ఉండాలి, పొర ఎక్కడా చిల్లు పడి ఉండకూడదు. షాపువాళ్లు కత్తెరతో రెండు మాత్రలు కత్తిరించేటప్పుడు మాత్ర గూటి అంచు తెగితే వర్షాకాలంలో అది నాలుగు రోజుల్లో పసుపు మచ్చలు దేలి మెత్తబడుతుంది. అలాంటిది వాపసు ఇచ్చేయండి. డబ్బీలోకి మార్చి పెట్టుకోవద్దు, మింగే ముందే పొర చింపండి. స్ట్రిప్ వెనక ఎర్రగీత ఉంటుంది, చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. పిల్లల డ్రై సిరప్ అయితే కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి కలిపాక ఫ్రిజ్‌లో పెట్టి 7 రోజుల్లోపు వాడాలి. మిగిలింది వచ్చే జ్వరానికి దాచుకోకుండా పారబోయాలి.